ఆకుపచ్చ గుడ్డంతా పాకిస్తాన్ కాదు

మొహర్రం నెలలో రొట్టెల పండుగ వస్తే నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి సంతానం రొట్టె, చదువు రొట్టె మార్చుకునేవారిలో హిందువులకు లెక్క లేదు. గట్టున బారాషహీద్ దర్గా మీది ఆకుపచ్చ జెండా ఎవరినీ ఇబ్బంది పెట్టదు. అలాంటి జెండానే పది సెకన్ల వీడియోగా జిల్లా దాటితే 'పాకిస్తాన్ జెండా' అయి కూర్చుంటుంది.

కంగారు పడేముందు కర్ర పక్కన చూడాలి. పాకిస్తాన్ జెండాలో కర్రవైపు నాలుగో వంతు నిలువునా తెల్లపట్టీ ఉంటుంది. నెలవంక, నక్షత్రం మిగతా ముదురాకుపచ్చ భాగంలో ఉంటాయి. దర్గా జెండాకు ఆ పట్టీ ఉండదు. నెలవంక ఒక్కటే రుజువు కాదు. పాకిస్తాన్ పుట్టకముందే అది ఒట్టోమాన్ తుర్కుల జెండా మీద ఉంది.

రంగుకు అర్థం మారదనేవాళ్లు మన మువ్వన్నెల కథే చూడాలి. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి ఇచ్చిన జెండాలో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. మిగతావారికని తెలుపు చేర్పించింది గాంధీజీ. రంగులు వాటాలయ్యేసరికి పేచీ మొదలైంది, మా రంగేదని సిక్కులు అడిగారు. 1931లో పట్టాభి సీతారామయ్య కన్వీనరుగా ఉన్న ఏడుగురి కమిటీ జెండా అంతా కాషాయమే ఉండాలంది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. మూడు రంగుల జెండానే ఉంచి, ఎరుపు బదులు కాషాయం పెట్టి, వీటికి మతాలతో సంబంధం లేదని, కాషాయం ధైర్యత్యాగాలకు, తెలుపు శాంతిసత్యాలకు, ఆకుపచ్చ విశ్వాసశౌర్యాలకు గుర్తులని తీర్మానించింది. 1947 జూలై 22న జెండా మధ్యలోని రాట్నం పోయి 24 ఆకుల ధర్మచక్రం వచ్చింది. అర్థాన్ని పెద్దలు కూర్చుని మార్చారు, జనం ఒప్పుకున్నారు.

అన్ని గుర్తులకూ ఆ అదృష్టం లేదు. మన గడప మీది స్వస్తికను నాజీలు ఎర్రజెండాలో తెల్లని వలయం మధ్య, 45 డిగ్రీలు వంచి పెట్టారు. నాజీ గుర్తును బహిరంగంగా వాడటం నేటికీ జర్మనీలో నేరం. వంపు లేకపోతే భయం లేదనుకోవద్దు, నిటారుగానూ వాళ్లు వాడారు. అక్కడికి చదువుకు వెళ్లే పిల్లలకు తల్లిదండ్రులు ఈ సంగతి చెప్పి పంపాలి.

ఊరేగింపు కమిటీలు జెండాల కట్టను ముందురోజే విప్పి చూసుకోవాలి. దేశభక్తి చాటబోయి త్రివర్ణం మీద నెలవంకో, నినాదమో రాయడం ఇంకా పెద్ద తప్పు: జాతీయ గౌరవానికి అవమానం జరగకుండా చేసిన 1971 చట్టం కింద మూడేళ్ల వరకు జైలు. ఈ నియమం వినాయకుడి ఊరేగింపుకూ వర్తిస్తుంది.

పోలీసులు వీడియో చూసి కేసు రాయకూడదు. గాలికి మడతపడిన గుడ్డలో కనిపించేది తెల్లపట్టీయో, వెనకున్న సున్నం గోడో ఫోన్‌లో తేలదు. జెండాను దించి, చాప మీద పరిచి, ఫొటో తీసి పంచనామాలో చేర్చాకే తర్వాతి మాట.