అంతరాత్మకు విప్ లేదు

1969 ఆగస్టు 16న జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో పదిహేనుమంది పోటీ చేశారు. వారిలో ఐదుగురికి ఒక్క ఓటు కూడా పడలేదు. ఓడిపోవడంలో వింతేమీ లేదు, సున్నా కూడా గౌరవనీయమైన అంకే. కాని అప్పటి చట్టం ప్రకారం నామినేషన్ చెల్లాలంటే ఓటు హక్కున్న ఇద్దరు ప్రజాప్రతినిధులు సంతకాలు పెట్టాలి. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. అంటే ఆ ఐదుగురి కాగితాల మీద ‘ఈ దేశానికి ఈయనే తగిన రాష్ట్రపతి’ అని చెప్పే సంతకాలు పది ఉన్నాయి. పోలింగు నాడు ఆ పది సంతకాల్లో ఒక్కటి కూడా ఓటుగా మారలేదు. రహస్య బ్యాలెట్‌లో ఎవరు ఎవరికి వేశారో తెలియదంటారు గాని, సున్నా దగ్గర రహస్యమేమీ దాగదు.

ఇంకో అభ్యర్థికి సరిగ్గా 576 వచ్చాయి. అప్పట్లో ఒక ఎంపీ ఓటు విలువ అంతే. సంతకాలు రెండు, ఓటు ఒకటి. ఇద్దరిలో ఒకరు మాట మీద నిలబడ్డారనుకోవాలి. మన రాజకీయాల్లో నూటికి యాభై వంతుల విశ్వాసం అంటే ఊరేగింపు చేయదగిన సంగతి.

ఈ చిల్లర లెక్కలతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అదే ఎన్నికలో ఇంతకంటే చాలా పెద్ద సంతకం ఒకటుంది.

ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. జులైలో కాంగ్రెస్ పెద్దలు బెంగళూరులో కూర్చున్నారు. ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు చెప్పారు. పార్లమెంటరీ బోర్డులో మెజారిటీ నీలం సంజీవరెడ్డి వైపు మొగ్గింది. క్రమశిక్షణ గల పార్టీ గనక ప్రధానే ఆయన నామినేషన్ పత్రం మీద సంతకం చేశారు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి జులై 20న పదవి వదిలి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. ఒకరు బరంపురంలో పుట్టినవారు, ఇంకొకరు అనంతపురం జిల్లా ఇల్లూరువారు. దేశపు అత్యున్నత పీఠానికి ఇద్దరు తెలుగువాళ్లు పోటీ పడ్డారని ఇప్పటికీ మనం గర్వంగా చెప్పుకుంటాం. ఇద్దరు తెలుగువాళ్లు ఒకే కుర్చీకి ఎదురైతే ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు ఆనాడు కూడా పెద్దగా ఆశ్చర్యపోయి ఉండరు.

సంజీవరెడ్డిగారి సంగతి ఇంకా చిత్రం. 1967లో లోక్‌సభ స్పీకరు కాగానే, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి పార్టీ ఉండకూడదని కాంగ్రెస్ సభ్యత్వానికే రాజీనామా చేసిన మనిషి. రెండేళ్లకు కాంగ్రెస్ అభ్యర్థి అయ్యారు. పార్టీని వదులుకున్నందుకు పార్టీ ఆయనను మెచ్చి టిక్కెట్టిచ్చింది, ఆ తర్వాత పార్టీయే ఆయనను వదిలేసింది. దీన్ని ఏ వ్యాకరణంలో ఏమంటారో నాకు తెలియదు.

బ్యాలెట్‌లో ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు అని వరస ఇవ్వాలి. పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప ఆ రెండో ప్రాధాన్య ఓట్ల కోసం, సొంత అభ్యర్థి ఉన్న స్వతంత్ర పార్టీనీ జనసంఘ్‌నూ కలిశారు. ఆ మాట చాలింది. పార్టీ అభ్యర్థికే ఓటేయాలంటూ విప్ జారీ చేయడానికి ప్రధాని నిరాకరించారు. పోలింగు దగ్గర పడ్డాక పిలుపు వచ్చింది: ఎవరి ఆత్మప్రబోధం ప్రకారం వారు ఓటేయండి.

భారత రాజకీయాల్లో అంతరాత్మ అధికారికంగా ప్రవేశించిన వారం అదే. అంతకుముందు అది లేదని కాదు. ఉండేది, ఇంటి వెనక గదిలో ముసలమ్మలాగా, ఎవరూ పలకరించకపోయినా ఏదో గొణుక్కుంటూ. ఆగస్టులో మాత్రం దానికి తలంటు పోసి, కొత్త చీర కట్టి, పార్లమెంటుకు తీసుకువెళ్లారు. పైనుంచి సెలవైతేనే మేలుకునేది అంతరాత్మ అవుతుందా, అలారం గడియారం అవుతుందా అన్న ప్రశ్న వేదాంతులకు వదిలేద్దాం. అన్ని అంతరాత్మలూ ఒకే రోజు, ఒకే గంటకు, చాలావరకు ఒకే దిక్కుకు మేలుకోవడం మాత్రం ఆధ్యాత్మిక చరిత్రలో అరుదైన ఘట్టం. ఋషులు ఏళ్ల తరబడి తపస్సు చేసినా సాధించలేనిది.

ఇందులో మరో విశేషం ఉంది. ఆ ఎన్నికలో విశ్వాసఘాతకుడు ఒక్కడూ లేడు. సంజీవరెడ్డికి వేసినవాడు పార్టీకి విశ్వాసపాత్రుడు. గిరికి వేసిన కాంగ్రెస్‌వాడు నాయకురాలికి విశ్వాసపాత్రుడు. ఇద్దరూ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటారు. నిద్ర పట్టనివాడెవడైనా ఉంటే వాడు గిరికి వేసి సంజీవరెడ్డికి వేశానని చెప్పుకుని తిరిగినవాడై ఉండాలి, ఆ ఎన్నిక ఏ పక్షం గెలిచినా అతనికి నష్టమే.

ఆగస్టు 20న లెక్కించారు. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, స్వతంత్ర, జనసంఘ్‌ల అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి 4,18,169 కావాలి. ఎవరికీ చాలలేదు. కింది వారిని ఒక్కొక్కరినే తొలగిస్తూ వారి ఓట్లు పంచుకుంటూ వస్తే చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. గీత దాటిన మేరకు చూస్తే 1,908. ఒక్కో ఎంపీ 576 చొప్పున, నలుగురు ఎంపీల బలం కూడా కాదు. ఒక కారులో డ్రైవరును పక్కన పెడితే పట్టేంతమంది అంతరాత్మలు గణతంత్రానికి అధిపతిని తేల్చాయి.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టారని ఓడిన వర్గం తిట్టుకుంది. ఆ వాసాలు నిజంగానే లెక్కపెట్టాల్సిన రోజు త్వరగానే వచ్చింది. నవంబరు 12న పార్టీ ప్రధానిని బహిష్కరించింది, పార్టీలో ఎక్కువమంది ఎంపీలు బహిష్కృత వెంటే వెళ్లారు. ఇల్లు రెండయింది. ఏ వాసం ఎవరిదో, ఏ గుమ్మం ఎవరిదో తేల్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఈ లోపల వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. సంజీవరెడ్డి శీలం మీద బురద చల్లుతూ ఊరూ పేరూ లేని కరపత్రం ఒకటి ఎంపీలకు చేరిందని, దాంతో ఓటర్లను తప్పుదారి పట్టించారని పిటిషన్లు పడ్డాయి. తెలుగువాళ్లకు ఇటువంటి సాహిత్యం కొత్త కాదు. ఆకాశరామన్న మన ఊళ్లో పుట్టి పెరిగినవాడే, పెళ్లి సంబంధాలు చెడగొట్టడంలో సిద్ధహస్తుడు. రాష్ట్రపతి పదవి దాకా ఎదగడం మాత్రం అదే మొదటిసారి కావచ్చు. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఇది నిజంగానే గొప్ప సంగతి, వెక్కిరించడానికి నాకు మనసు రావడం లేదు. 1970లో న్యాయస్థానం పిటిషన్లను కొట్టివేసింది. ఎన్నిక చెల్లింది.

కోర్టు తీర్పుతో తగాదా తీరింది. అనుమానం తీరలేదు, అది కోర్టు ఫీజు కట్టి దాఖలు చేసేది కాదు గనక.

ఇక్కడ మన భాష చేసిన ఉపకారాన్ని తలచుకోవాలి. నమ్మకానికీ స్వామిభక్తికీ తెలుగులో ఒకటే మాట, విశ్వాసం. కుక్కకు విశ్వాసం ఉంటుంది, ఓటరుకూ ఉంటుంది. తేడా ఏమిటంటే కుక్క విశ్వాసం యజమాని మీద, ఓటరు విశ్వాసం ఎవరి మీద అన్నది ఏ పత్రంలోనూ రాసి ఉండదు. నా పరిశీలనలో ఈ సరుకు దేశంలో మొత్తం మీద ఒకే పరిమాణంలో ఉంటుంది. ప్రజాప్రతినిధుల దగ్గర నాయకుడి పట్ల విశ్వాసం పెరిగినకొద్దీ ప్రజల దగ్గర ప్రజాప్రతినిధుల పట్ల విశ్వాసం తరిగిపోతుంది. పెరిగిన చోట దాన్ని విధేయత అంటారు, తరిగిన చోట అవిశ్వాసం అంటారు. లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం పెట్టాలంటే యాభైమంది మద్దతుండాలి. టీ కొట్టు దగ్గర ఒక్కడు చాలు, అది కూడా గ్లాసు ఖాళీ అయ్యేలోపే నెగ్గుతుంది.

ఆ అవిశ్వాసాన్ని దగ్గరగా చూడాలంటే కండువా కప్పే సభకు వెళ్లాలి. మొన్న మా ఊళ్లో ఒకటి జరిగింది. వచ్చినాయన పాత కండువాను కారులోనే తీసేశారు గాని, ఏళ్ల తరబడి వేసుకున్న చోట చొక్కా మెడ పట్టీ మీద రంగు చారలాగా దిగి ఉంది. కొత్త కండువా సరిగ్గా ఆ చార మీద పడింది. ఫొటోగ్రాఫర్ ‘ఇంకొక్కసారి సార్’ అన్నాడు. కండువా తీసి మళ్లీ కప్పారు. నియోజకవర్గ అభివృద్ధి కోసం వచ్చానని ఆయన చెప్పారు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన, చాకిరేవు నుంచి తిరిగొచ్చిన బట్టను చూసినట్టు ఆ మెడ పట్టీ వైపే చూస్తూ, ‘ఉతికితే పోదు, కొత్తది కుట్టించుకోవాలి’ అన్నాడు. ఆయన ఏ పార్టీవాడో నేను అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు, అదీ ఆగస్టు 1969 నేర్పిన పాఠమే.

ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది కదా అంటారు. వచ్చింది. ఫిర్యాదు మీద స్పీకరు నిర్ణయం తీసుకునేలోపు సభ గడువే తీరిపోవడమూ మన రెండు రాష్ట్రాల్లో చూశాం. పైగా రాష్ట్రపతి ఎన్నికలో విప్ లేదు. రాజ్యసభ ఎన్నికలో ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించి మరీ పెట్టెలో వేయాలి. రాష్ట్రపతి ఎన్నికలో చూపించకూడదు. ఒకే మనిషి, ఒకే వేలు, ఒక ఎన్నికలో అంతరాత్మ ఉండకూడదు, ఇంకో ఎన్నికలో ఉండి తీరాలి. ఇంత కచ్చితంగా ఆత్మను తొడుక్కోవడం, విప్పడం అందరికీ చేతనయ్యే పని కాదు.

ఎన్నికల సంఘానికి కూడా ఈ విషయంలో భ్రమలు లేనట్టుంది. 2016లో హర్యానా రాజ్యసభ ఎన్నికలో వేరే కలంతో గుర్తు పెట్టారంటూ ఓట్లు చెల్లకుండా పోయాక, మరుసటి ఏడాది రాష్ట్రపతి ఎన్నికకు ఊదారంగు సిరా కలాలు తానే సరఫరా చేసింది. సొంత కలం లోపలికి రాకూడదు. సొంత అంతరాత్మను గుమ్మం దగ్గర ఎవరూ తనిఖీ చేయరు.

అందుకే ఈ వ్యాసకర్త ప్రభుత్వానికి ఒక వినయపూర్వకమైన ప్రతిపాదన చేస్తున్నాడు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రంలాగే అంతరాత్మ ధ్రువీకరణ పత్రం కూడా ఇవ్వాలి. దరఖాస్తుకు రెండు ఫొటోలు, ఆధార్ నకలు, ఇద్దరు పొరుగువారి వాంగ్మూలం జతచేయాలి. గ్రామ రెవెన్యూ అధికారి విచారణకు వచ్చి అంతరాత్మ ఎప్పటి నుంచి నివాసముంటున్నదో, సొంతమా, అద్దెదా, కౌలుకిచ్చారా అన్నది నమోదు చేయాలి. పత్రం ఆరు నెలలే చెల్లుతుంది. పార్టీ మారితే కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. ఖజానాకు ఆదాయం బాగానే వస్తుందని నా అంచనా.

అంతరాత్మలు ఏకమైన సందర్భాలు లేకపోలేదు. 2022 రాష్ట్రపతి ఎన్నికలో, ఒకరు తూర్పంటే ఇంకొకరు పడమర అనే ఆంధ్రప్రదేశ్ అధికార, ప్రతిపక్షాలు రెండూ ద్రౌపది ముర్ముకే ఓటేశాయి. యశ్వంత్ సిన్హాకు మన రాష్ట్రం నుంచి ఒక్క ఓటూ రాలేదు. తాగునీటి మీద, రాజధాని మీద కుదరని ఏకాభిప్రాయం అక్కడ కుదిరింది. ఢిల్లీ వైపు చూసేటప్పుడు మనవాళ్ల మెడలన్నీ ఒకే కోణంలో వంగుతాయని శరీరశాస్త్రం చదివినవారు వివరిస్తారు.

2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నికలో మళ్లీ తెలుగువాడొకరు నిలబడ్డారు, జస్టిస్ సుదర్శన్‌రెడ్డి. తమవారు 315 మందీ వచ్చి ఓటేశారని ప్రతిపక్షం ప్రకటించుకుంది. లెక్కిస్తే ఆయనకు 300. చెల్లని ఓట్లు 15. ఎవరివో ఎవరికీ తెలియదు, నేనూ ఎవరినీ అనను. పేరు ఎదురుగా 1 అంకె వేయాలి, అంతే పని. దేశానికి చట్టాలు చేసే పదిహేనుమందికి ఒకటి అంకె సరిగా రాలేదంటే ప్రాథమిక విద్య మీద ఖర్చు పెంచాలన్న డిమాండుకు ఇంతకన్నా బలమైన ఆధారం దొరకదు.

మళ్లీ సంజీవరెడ్డి దగ్గరికి వస్తాను. ఓడిపోయాక ఆయన అనంతపురం వెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, నంద్యాలలో జనతా పార్టీ తరఫున గెలిచింది ఈయన ఒక్కరే. జులైలో రాష్ట్రపతి అయ్యారు. ఈసారి 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరణకు గురయ్యాయి, పోలింగే లేదు. ఎవరి అంతరాత్మనూ నిద్ర లేపకుండా రాష్ట్రపతి అయిన ఘనత ఆయనది. 1980 జనవరిలో ఇందిరాగాంధీ మళ్లీ ప్రధాని అయినప్పుడు ప్రమాణం చేయించింది కూడా ఆయనే. కాగితం మీద సంతకం పెట్టిన ఆమె, ఆ సంతకం విలువ తెలిసిన ఆయన, ఎదురెదురుగా నిలబడ్డారు.

మా బడిలో గోడకు రాష్ట్రపతుల పటం ఉండేది. పై వరసలో రాజేంద్రప్రసాద్, రాధాకృష్ణన్, జాకిర్ హుస్సేన్. కింది వరసలో గిరి, ఫకృద్దీన్ అలీ అహ్మద్, సంజీవరెడ్డి. ఆ ఇద్దరి మధ్యన కూర్చున్న ఫకృద్దీన్ గారు బెంగళూరు సమావేశంలో ఇందిర వైపు నిలబడినవారని అప్పట్లో మాకు తెలియదు. మాస్టారు బెత్తం ఆనించి వరసగా పేర్లు చెప్పించేవారు. ఒకరోజు వెనక బెంచీలో కుర్రాడు లేచి, ‘మాస్టారూ, వీళ్లిద్దరూ పోటీ చేశారట కదండీ, ఎవరు గెలిచారండీ?’ అని అడిగాడు.

మాస్టారు బెత్తంతో గిరిగారిని తాకారు. తర్వాత సంజీవరెడ్డిగారిని తాకారు. కాసేపు పటం వైపే చూశారు.

‘ఇద్దరూ పటంలో ఉన్నారు కదురా, కూర్చో’ అన్నారు.