ఆర్క్ ఉంటే డెలిగేట్ల సంగతి పట్టించుకోనక్కర్లేదా?

ఆర్క్ (ఆటోమేటిక్ రిఫరెన్స్ కౌంటింగ్) అంటే ఎవరూ పట్టుకోని ఆబ్జెక్టులను మెమరీలోంచి తీసేసే ఏర్పాటు. డెలిగేట్ అంటే ఒక ఆబ్జెక్ట్ తనలో జరిగేవాటిని చెప్పుకునే ఇంకో ఆబ్జెక్ట్. ఐఫోన్ యాప్‌లు రాసేవాళ్లు తరచూ షేర్ చేసే మాట ఒకటుంది: "ఆర్క్ వచ్చాక మెమరీ సంగతి కంపైలర్ చూసుకుంటుంది. డెలిగేట్లన్నీ ఎలాగూ వీక్, నిల్ చేయడం పాతకాలపు చాదస్తం. అంత అనుమానముంటే శుభ్రం చేసే పనంతా డీఇనిట్‌లో పెట్టండి, చాలు."

(స్ట్రాంగ్ రిఫరెన్స్ ఆబ్జెక్ట్‌ని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, వీక్ అలా పట్టి ఉంచదు. నిల్ చేయడమంటే రిఫరెన్స్‌ని ఖాళీ చేయడం. డీఇనిట్ అంటే ఆబ్జెక్ట్ మెమరీలోంచి పోయేముందు నడిచే కోడ్.)

చాదస్తం అన్నది కొంతవరకు నిజమే. 2015లో ఐఓఎస్ 9 వచ్చేదాకా, జాబితాలు చూపే టేబుల్ వ్యూ డెలిగేట్ వీక్ కాదు. ఆ స్క్రీన్‌ని నడిపే, డెలిగేట్‌గా ఉన్న వ్యూ కంట్రోలర్ పోయినా దాని పాత అడ్రస్ అందులో అలాగే మిగిలేది. స్క్రోల్ ఆగకముందే బ్యాక్ నొక్కితే యాప్ క్రాష్ అయ్యే ప్రమాదం ఉండేది. అందుకే అప్పట్లో నిల్ చేసేవాళ్లు. ఇప్పుడు టేబుల్ వ్యూకి ఆ లైను అక్కర్లేదు.

కంపైలర్ చూసుకుంటుందన్నది మాత్రం సగం మాటే. 2011లో ఐఓఎస్ 5తో వచ్చిన ఆర్క్, యాప్ నడుస్తుండగా వాడని మెమరీని వెతికి ఏరేసే గార్బేజ్ కలెక్టర్ కాదు. మనం రాయాల్సిన రిటైన్ (పట్టుకో), రిలీజ్ (వదులు) లైన్లను అది రాసిపెడుతుంది, అంతే. రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి స్ట్రాంగ్‌గా పట్టుకుంటే ఎందరు పట్టుకున్నారన్న కౌంట్ సున్నాకు రాదు, అవి మెమరీలోంచి పోవు. స్విఫ్ట్‌లో మనం రాసుకునే డెలిగేట్ ప్రాపర్టీ, వీక్ అని చెప్పకపోతే స్ట్రాంగే. ప్రోటోకాల్‌కి (డెలిగేట్ చేయాల్సిన పనుల జాబితాకి) 'క్లాసులకు మాత్రమే' అని చెప్పే ఎనీఆబ్జెక్ట్ తగిలించకుండా వీక్ పెడితే ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ పోవాలని వీక్‌నే తీసేసే మహానుభావులూ ఉన్నారు!

పోనీ, ఆపిల్ ఇచ్చిన డెలిగేట్లన్నీ వీకేనా? కావు. కోర్ యానిమేషన్‌లో యానిమేషన్ డెలిగేట్ స్ట్రాంగ్. నెట్ రిక్వెస్టులు నడిపే యూఆర్ఎల్ సెషన్ కూడా తన డెలిగేట్‌ను స్ట్రాంగ్‌గానే పట్టుకుంటుంది, సెషన్‌ని ఇన్‌వాలిడేట్ చేసేదాకా, అంటే ఇక చాలని మూసేదాకా వదలదు. ఈ విషయం ఆపిల్ డాక్యుమెంటేషన్‌లోనే స్పష్టంగా ఉంది.

అసలు చిక్కు డీఇనిట్ సలహాతోనే. వ్యూ కంట్రోలరే సెషన్‌కి డెలిగేట్ అనుకోండి. ఇన్‌వాలిడేట్ చేసే లైను దాని డీఇనిట్‌లో ఉంది. సెషన్ వదిలితేగానీ డీఇనిట్ నడవదు, డీఇనిట్ నడిస్తేగానీ సెషన్ వదలదు. పెళ్లి కుదిరితే పిచ్చి కుదురుతుంది, పిచ్చి కుదిరితే పెళ్లి కుదురుతుంది అన్నట్టు. యూజర్ ఆ స్క్రీన్ తెరిచిన ప్రతిసారీ ఇంకో వ్యూ కంట్రోలర్ మెమరీలో పేరుకుంటుంది. టార్గెట్ ఇచ్చి నడిపే రిపీటింగ్ టైమర్‌దీ ఇదే కథ: టైమర్‌ని రన్ లూప్ (యాప్‌లో ఈవెంట్ల కోసం ఎదురుచూస్తూ తిరిగే లూప్) పట్టుకుంటుంది, టార్గెట్‌ని (టైమర్ పిలిచే ఆబ్జెక్ట్‌ని) టైమర్ పట్టుకుంటుంది. సెషన్ పని అయిపోగానే 'ఫినిష్ టాస్క్స్ అండ్ ఇన్‌వాలిడేట్' పిలవాలి. స్క్రీన్ కనుమరుగయ్యేటప్పుడు టైమర్ ఆపాలి. లేదంటే సెషన్‌ని వ్యూ కంట్రోలర్ బయట, వేరే ఆబ్జెక్ట్ చేతికి ఇవ్వాలి.

"లీక్స్ టూల్‌లో (ఎవరికీ అందకుండా మిగిలిపోయిన మెమరీని వెతికే టూల్‌లో) ఏమీ కనిపించలేదు" అనే వాదన కూడా వింటుంటాం. రన్ లూప్ పట్టుకున్న టైమర్‌కి దారి ఇంకా ఉంది కాబట్టి, ఆ టూల్ దాన్ని లీక్ కింద లెక్కించదు. డీఇనిట్‌లో ఒక ప్రింట్ పెట్టి, స్క్రీన్ తెరిచి వెనక్కి రండి. ప్రింట్ పడకపోతే ఎక్స్‌కోడ్‌లో, ఏ ఆబ్జెక్ట్‌ని ఏది పట్టుకుందో చూపే మెమరీ గ్రాఫ్ తెరిచి, ఆ కంట్రోలర్‌ని ఎవరు పట్టుకున్నారో చూడండి.