చైనా మార్కులు, మా పిన్నమ్మ బియ్యం

వారంలో ఆరుసార్లు వచ్చింది ఆ మెసేజ్. టెన్త్ బ్యాచ్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చివరికి కావలిలో ఉండే మా పిన్నమ్మ ఫోన్ నుంచి కూడా. 'బ్లాక్ మిర్రర్' సిరీస్‌లో 'నోస్‌డైవ్' ఎపిసోడ్ క్లిప్పు, దాని కింద ఇంత పొడుగు రాత. ఇది చైనాలో జరిగిన కథట. అక్కడ ప్రతి మనిషికీ సర్కారు మార్కులేస్తుందట. సర్కారును తిట్టినందుకే ఈ అమ్మాయిని జైల్లో వేశారట. రేషన్ ఈ-కేవైసీ పేరుతో ఇక్కడా మొదలైందట, వేలిముద్ర వెయ్యొద్దట. పదిమందికి పంపాలట.

జరిగిన కథ కాదు. 2016లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన కల్పన.

సర్కారును తిట్టిందా? ఎపిసోడ్ చూసినవాడెవడూ ఆ మాట రాయడు. ఆ అమ్మాయి పేరు లేసీ, రేటింగ్ ఐదుకు 4.2. అది 4.5 అయితే మంచి ఇల్లు తక్కువ అద్దెకు వస్తుందని, పెద్ద రేటింగున్న పాత స్నేహితురాలి పెళ్లికి బయల్దేరుతుంది. ఫ్లైటు క్యాన్సిలై కౌంటర్లో నోరు జారుతుంది, రేటింగ్ జారుతుంది. రావద్దన్నా పెళ్లికెళ్లి, చేత కత్తి పట్టి రచ్చ చేస్తే లోపలేశారు. అంతకుముందు ఆమెకు మార్కులేసిందెవరు? కాఫీ ఇచ్చినవాడు, లిఫ్టులో ఎదురైనావిడ. మనబోటి వాళ్లే.

చైనాలో అందరికీ కలిపి ఒకే స్కోరు లేదు. కోర్టు కట్టమన్న బాకీని చేతిలో డబ్బుండీ ఎగ్గొట్టేవాళ్ల జాబితా ఉంది, వాళ్లకు ఫ్లైటు, హైస్పీడ్ రైలు టికెట్లివ్వరు. రోంగ్‌చెంగ్ లాంటి కొన్ని ఊళ్లలో మనిషికి 1000 పాయింట్లిచ్చి ప్రయోగం చేశారు. అన్నీ కలిపి రుబ్బితే ఈ మెసేజ్ తయారైంది. స్కోరంటే అంత భయమైతే లోనిచ్చే ముందు బ్యాంకులు చూసే మన సిబిల్ స్కోరు ఉంది కదా, 300 నుంచి 900 దాకా. రొయ్యల గుంటకు లోనుకెళ్లినవాళ్లనడగండి, చెప్తారు.

నాకు ఒళ్లు మండింది మాత్రం వేలిముద్ర దగ్గర. మా పిన్నమ్మ అది చదివి ఈ-కేవైసీ చేయించుకోలేదు. డీలర్ రెండుసార్లు కబురు పెట్టాడు. "నాకు మార్కులేస్తారంటయ్యా, నేను పోను" అని కూర్చుంది. ఏంది సామీ ఇది! నెలనెలా బియ్యానికి ఆ మిషన్ మీదే కదా ఏళ్ల తరబడి వేలు పెడుతోంది? కార్డులో పేరున్న మనిషి ఉందా లేదా, ఆధార్‌తో సరిపోయిందా అని చూడ్డమే ఈ-కేవైసీ. సినిమా స్టోరీ చెప్పి ముసలావిడ బియ్యానికి ఎసరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఇంట్లో అందరూ ఎప్పుడో వేలిముద్రలేసే ఉంటారు. శనివారం నేనే నెల్లూరు నుంచి వెళ్లి స్కూటర్ మీద తీసుకెళ్లాను. ఆవిడ గీతలరిగిన వేలు చీరచెంగుకు తుడిచి తుడిచి పెడితే, నాలుగోసారికి తీసుకుంది.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఆ ఎపిసోడ్ ఇక్కడికొచ్చేసిన మాట నిజం, సర్కారు తేలేదంతే. మొన్న వానలో బిర్యానీ తెచ్చిన కుర్రాడు గుమ్మంలో తడిసి నిలబడి, "ఫైవ్ స్టార్ కొట్టండి సార్" అన్నాడు. అచ్చం మార్కుల కోసం లేసీ నవ్విన నవ్వే. పొట్లం విప్పితే పెరుగు చట్నీ లేదు. వెయ్యడం మర్చిపోయింది హోటల్ వాళ్లు. నేను మూడు కొట్టింది ఆ కుర్రాడికి.