గరుకు గోడకు గౌరవ వందనం

హైదరాబాదు నల్లగండ్లలో మా బావమరిది కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్ళి నేనొక ఘోరం చేశాను. హాల్లో టీవీ వెనక గోడ చూసి, "పెయింటింగ్ ఇంకా మిగిలిపోయిందేంరా, ముహూర్తం తరుముకొచ్చిందా?" అని అడిగాను. పులిహోర వడ్డిస్తున్న చెయ్యి గాల్లో ఆగింది. మా ఆవిడ చూసిన చూపుకి భాష్యం చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. అది మిగిలిపోయిన గోడ కాదట, కాంక్రీటు ఫినిషట. చదరపు అడుగుకి 150 రూపాయలట. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. లెక్క మీరే వేసుకోండి, నాకు మాత్రం పులిహోర గొంతు దిగలేదు.

పాప పరిహారం కోసం ఆ గోడ పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. మొదట సిమెంటు గోడ ఉంటుంది. దానికి రెండు పూతలు లప్పం పెడతారు. ఆరాక గరుకు కాగితంతో రుద్ది రుద్ది, ఈగ వాలితే జారిపడేంత నున్నగా చేస్తారు. ప్రైమర్ కొడతారు. ఇంతవరకూ మామూలే. ఆ తర్వాత, ఆ నునుపు చూసి దడుచుకున్నట్టు, దాని మీద టెక్స్చర్ ముద్ద పూసి, తాపీతో అడ్డదిడ్డంగా లాగి, దువ్వెనలాంటి దానితో గీరి, స్పాంజితో అద్ది, నలిపిన ప్లాస్టిక్ కవరుతో పొడిచి, చిట్టచివరికి సిమెంటు రంగు వేస్తారు. సిమెంటు కనబడకుండా లప్పం, లప్పం కనబడకుండా సిమెంటు బొమ్మ! అద్వైతం బోధపడలేదనేవాళ్ళు ఒకసారి నల్లగండ్ల వెళ్ళి రావచ్చు.

పనిచేసిన మేస్త్రీది పాలమూరు. చాయ్ తాగుతూ తన బాధ చెప్పుకున్నాడు: "ఇంతకుముందు గోడ నున్నగ రాలేదని పైసలు కట్ చేస్తుండె సార్. ఇప్పుడు నున్నగ వచ్చిందని కట్ చేస్తున్నరు. మొన్న ఒకాయన, గోడ పాతబడ్డట్టు ఉండాలె గానీ పాతది అనిపియ్యొద్దు అన్నడు. నాకు సమజ్ గాలే. రెండు దినాలు ఆయన మొఖం చూసుకుంట గోడ గీకిన."

మా అమ్మమ్మ పండగకి పండగకి మట్టిగోడ అలికేది. ఐదు వేళ్ళ చారలు గోడ పొడుగునా విసనకర్రల్లా విచ్చుకుని ఉండేవి. డబ్బులు రాగానే మా మామయ్య ఆ గోడ కొట్టించి సిమెంటుది కట్టించాడు, నలుగురిలో నామోషీ అని. ఆయన కొడుకే ఇప్పుడు 18,000 పోసి ఆ చారలు గీయించుకున్నాడు. అమ్మమ్మకి దక్కింది పేడ వాసన, నడుం నొప్పి.

హైదరాబాదుకి ఈ విద్య కొత్తేమీ కాదు. 1591లో కట్టిన చార్మినార్ మీది నగిషీలు సున్నపు గచ్చుతో చేసినవే. 2019 మే నెలలో వాన తర్వాత ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ళ ఊడిపడితే పత్రికలన్నీ రాశాయి, పురావస్తు శాఖవాళ్ళు వచ్చి చూశారు, ఊరు బెంగపడింది. అక్కడ పెళ్ళ ఊడితే మరమ్మతు. మన హాల్లో ఊడకపోతే, ఊడినట్టు చేయించడానికి మరో మేస్త్రీ.

గోడ గాడుల్లో మెట్రో పిల్లర్ల కింది దుమ్మంతా వచ్చి స్థిరనివాసం ఏర్పరచుకుంటుందనీ, బూజుకర్ర అక్కడ చేతులెత్తేస్తుందనీ, అరచేయంత పెచ్చు లేస్తే అతుకు కలవక గోడంతా మళ్ళీ వేయించాలనీ అంటారు. ఇవన్నీ అసూయాపరుల మాటలు. నేను పట్టించుకోను.

నా అభ్యంతరం వేరే. అది ఆర్థికపరమైనది. మూసాపేటలో నేను ఐదేళ్ళున్న అద్దె ఇంట్లో ఇంతకన్నా గొప్ప గోడ ఉండేది. పై పోర్షన్ బాత్రూం చెమ్మ దిగి, లప్పం బొబ్బలెక్కి, పెచ్చులు రాలి, తెల్లటి ఉప్పు పూసి, నాలుగు వానాకాలాల్లో తూర్పు కనుమల పటంలా తయారైంది. దాని అంచుకి మా చంటాడు క్రేయాన్లతో సముద్రం కూడా చేర్చాడు. ఖాళీ చేసేటప్పుడు ఓనర్ అంకుల్ పెయింటింగ్ కిందని ఒక నెల అద్దె పట్టుకున్నారు.

నల్లగండ్ల జ్ఞానోదయం అయ్యాక నేను ఊరుకోలేదు. ఫోన్లో ఫోటోలు పెట్టుకుని మూసాపేట వెళ్ళాను. బావమరిది గోడ, మా పాత గోడ పక్కపక్కన చూపించి, చదరపు అడుగుకి 150 చొప్పున లెక్క కట్టి, "అంకుల్, న్యాయంగా మీరే నాకు బాకీ" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండు ఫోటోలూ పెద్దవి చేసి చూశారు. చాలాసేపు చూశారు.

"నిజమే. మనదే మంచిగొచ్చింది," అన్నారు. "కానీ గిది నువ్వు చేసింది కాదు గద బాబూ. పై పోర్షనోళ్ళ పని. ఇస్తే గిస్తే వాళ్ళకియ్యాలె."