గల్లాపెట్టె వెనుక పరుపు గారికి

మహారాజశ్రీ గల్లాపెట్టె వెనుక పరుపు గారికి, బరంపురం బడాబజారులోని బట్టల దుకాణం మూడో తరం యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన పెద్దల ఆచారమే గాని, ఉభయులలో కుశలంగా ఉన్నది తమరొక్కరేనని మొన్న చేతికందిన పరీక్ష కాగితం చెబుతున్నందువల్ల ఆ మాటను విరమించుకుంటున్నాను.

తాతగారు ఇచ్ఛాపురం నుంచి చీరల మూటతో ఈ ఊరు వచ్చి, నాలుగంగుళాల మందాన బూరుగు దూది కూరించి తమరిని కుట్టించారు. నాన్నగారు తమరి మీద నలభై ఏళ్లు కూర్చున్నారు. నేను పదకొండేళ్లుగా, పొద్దున పూరీ ఉప్మా ముగించిన క్షణం నుంచి రాత్రి షట్టరు దించేదాకా కూర్చుంటున్నాను. చీర చూపించడానికి కుర్రాళ్లున్నారు, టీ తేవడానికి మరొకడున్నాడు, కాబట్టి లేవవలసిన అగత్యం కలగకుండా తమరు నన్ను కాపాడుతూ వచ్చారు. నా తర్వాత తమరి మీద కూర్చునేదెవరన్న ప్రశ్న ఆరేళ్లుగా మా ఇంట్లో నలుగుతున్నది. వారసుణ్ణి కోరుతున్నదీ తమరే, ఆ వారసుడికి అడ్డంగా కూర్చున్నదీ తమరేనని ఇన్నాళ్లూ నాకు తట్టలేదు.

ఈ ఆరేళ్లూ వైద్యం జరిగింది మా ఆవిడకు. స్కానింగులు, రక్తపరీక్షలు, ఉపవాసాలు అన్నీ ఆమెవే. తారాతారిణి అమ్మవార్లకు, బిడ్డ పుడితే చైత్రంలో పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కుకుని కొండమెట్లన్నీ ఎక్కింది కూడా ఆమే. నేను రోప్‌వేలో వెళ్లి పైన కలుసుకున్నాను. సంతానం కలగని దంపతులలో దాదాపు సగం సందర్భాల్లో మగవాడి వైపున కూడా లోపం ఉంటుందని తెలిసినా, నన్ను పరీక్ష చేయించుకోమని ఇంట్లో ఎవరూ అడగలేదు. యజమానిని లేపితే తమరికి కోపం వస్తుందని కాబోలు.

చివరికి ఆమే నన్ను ప్రయోగశాలకు లాక్కెళ్లింది. బొటనవేలితో తడిమి పట్టు మేలిదో నాసిదో చెప్పగల నాకు, వాళ్లిచ్చిన ప్లాస్టిక్ డబ్బా మూత ఎటు తిప్పాలో తెలియలేదు. మర్నాడు కాగితంలో మిల్లీలీటరుకు 90 లక్షల వీర్యకణాలని చూసి, వ్యాపారిని గనుక, సంతోషించాను. పక్కనున్న కుర్రాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు కోటీ 60 లక్షలని చెప్పాక ఆ సంతోషం దిగిపోయింది. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవారిలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత అది. నేను ఆ గీతకు కూడా అందలేదు. నూటికి 30 అయినా ముందుకు ఈదాలట. నావి 22 ఈదుతున్నాయి, మిగతావి యజమానిని చూసి నేర్చుకున్నాయి.

డాక్టరు గారు నా 172 సెంటీమీటర్ల ఎత్తునూ 98 కిలోల బరువునూ లెక్కగట్టి బీఎంఐ 33 అని తేల్చారు. మన దేశస్థులకు 25 నుంచే స్థూలకాయమట. వృషణాలు ఒంటి వేడికన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే వాటి పని సాగుతుంది గనుక ప్రకృతి వాటిని బయట వేలాడదీసింది. తొడల కొవ్వూ తమరి దూదీ కలిసి వాటికి కంబళి కప్పాయి. ఇక పొట్టను నేను నిల్వసరుకనుకున్నాను గాని, అది దొంగచాటుగా నడిచే మిల్లు. కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైము మగ హార్మోనైన టెస్టోస్టెరాన్‌ను ఆడ హార్మోనైన ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది, దాన్ని చూసి తలలోని పిట్యూటరీ గ్రంథి సరుకు చాలినంత ఉందనుకుని ఆర్డర్లు తగ్గిస్తుంది, దాంతో కార్ఖానా మందగిస్తుంది.

ఇది విని మా బావమరిది జిమ్ములో టెస్టోస్టెరాన్ సూది వేయించుకోమన్నాడు. బయటి నుంచి హార్మోను పోస్తే పిట్యూటరీ ఉన్న ఆర్డర్లనూ రద్దు చేస్తుందనీ, కండలు పెరిగినా వీర్యకణాలు సున్నాకు చేరవచ్చనీ డాక్టరు గారు మందలించడంతో ఆ బేరం ఆగింది. తమరి తరఫున బావమరిది వకాల్తా పుచ్చుకున్నాడేమోనని నా అనుమానం.

మిగిలినది నడకే. కూర్చుని బతికే స్థూలకాయులను వారానికి మూడుసార్లు చొప్పున 16 వారాలు ట్రెడ్‌మిల్ ఎక్కించిన స్పెయిన్ పరిశోధకులు హార్మోన్లూ వీర్య నాణ్యతా మెరుగయ్యాయని 2017లో ప్రకటించారు. డెన్మార్క్‌లో 56 మంది స్థూలకాయులు 8 వారాల పాటు రోజుకు 800 కేలరీలతో గడిపి సగటున 16.5 కిలోలు తగ్గగా, వీర్యకణాల సాంద్రత దాదాపు ఒకటిన్నర రెట్లయిందనీ, తగ్గిన బరువును నిలుపుకున్నవారిలో ఆ లాభం ఏడాదికీ నిలిచిందనీ 2022లో వెల్లడైంది. నడిచినంత మాత్రాన బిడ్డ పుడతాడని డాక్టరు గారు పత్రం రాసివ్వలేదు, నేనూ అడగలేదు.

ఒక్కో వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుందట. మనం ఆర్డరిచ్చిన చీరే దానికన్నా ముందు మగ్గం దిగుతుంది. అందుకే మూడు నెలల దాకా రెండో పరీక్ష లేదు. అప్పటిదాకా తెల్లవారుజామున రామలింగం చెరువు దగ్గర గంటసేపు వడిగా నడవాలనీ, పగలు లెక్కలు నిలబడే చూడాలనీ నిశ్చయించుకున్నాను. నా వల్ల తమరి నడుమ పడిన గుంటను దూదేకే మనిషి వచ్చి సరిచేస్తాడు.

ఒక్క సంగతి మిగిలింది. వైద్యం కోడలికేనని నాన్నగారు నేటికీ నమ్ముతున్నారు, వచ్చిన చుట్టాలందరికీ అదే చెబుతున్నారు. రేపు నేను నడక నుంచి వచ్చేలోపు దుకాణం తెరిచేది ఆయనే. తెరవగానే కూర్చునేదీ తమరి మీదే. అందుకని పరీక్ష కాగితాన్ని జతచేసి, ఈ ఉత్తరాన్ని మడవకుండా తమరి మీదే పెట్టి వెళుతున్నాను.