నెట్ బాలేదని చెప్పే ముందు

పెళ్లి లైవ్ మధ్యలో ఆగిందంటే మన కోనసీమలో లైవ్ పెట్టేవాళ్ల నోట వచ్చే మాట ఒక్కటే. "ఆయ్, నెట్ బాలేదండి." పెళ్లివారూ అక్కడితో ఊరుకుంటారు. వానొస్తే ఎవరిని తిడతాం, నెట్టూ అంతే అనుకుంటారు. కానీ ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఆ మాట చాలాసార్లు అబద్ధం. తప్పు ఎక్కడుందో ఒక్కసారి కూడా చూడకుండా చెప్పేస్తున్న అబద్ధం.

ఆ అబద్ధం నేనూ ఆడాను. ముందు అది చెప్పి మిగతాది చెబుతాను.

నాలుగేళ్ల కిందట రాజోలు దగ్గర ఒక పల్లెలో పెళ్లి. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. పెళ్లికూతురి తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది, సెలవు దొరకలేదు. మన వైపు ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అంటే ఆవిడకి అర్ధరాత్రి 12 దాటి 10 నిమిషాలు. పగలంతా చాకిరీ చేసి, నిద్ర మానుకుని, ఫోన్ పట్టుకుని కూర్చుంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి పెళ్లికూతురి మేనమామ పరుగున వచ్చాడు. "బాబూ, మా చెల్లికి బొమ్మ కనపడతందంట, మాట మాత్రం రావట్లేదంట. మంత్రం లేదు, మేళం లేదు."

నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. పంతులుగారి గొంతు వస్తోంది, సన్నాయి వస్తోంది. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న చుట్టాలు కూడా బాగా వస్తోందన్నారు. "అక్కడ వాళ్ల నెట్ బాలేదండి" అనేశాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. కూతురి మెడలో తాళి పడుతుంటే ఆ తల్లి మూగబొమ్మ చూసింది.

ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. లెక్క కుదరడం లేదు. నేను పంపుతున్న దాంట్లో బొమ్మ సెకనుకి 2500 కిలోబిట్లు, శబ్దం 128. రెండూ ఒకే మూటలో, ఒకే దారిలో పోతాయి. నెట్ సన్నబడితే ముందు బొమ్మ ఇరుక్కోవాలి. బొమ్మ నిక్షేపంలా కువైట్ చేరి, దాంట్లో ఇరవయ్యో వంతు ఉన్న శబ్దం ఒక్కటే దారిలో మాయమైందంటే ఆ తప్పు నెట్‌ది ఎలా అవుతుంది? ఈ ప్రశ్న పందిట్లోనే వేసుకుని ఉంటే తాళి కట్టే వేళకైనా ఆవిడ మంత్రం వినేది.

తెల్లారాక ల్యాప్‌టాప్‌లో రికార్డయిన ఫైల్‌ని ఇంట్లో పాత ఫోన్‌లో పెట్టాను. ఒకే స్పీకరున్న చిన్న ఫోన్ అది. బుస్సుమని సన్నటి చప్పుడు తప్ప ఏమీ లేదు. అదే ఫైల్ హెడ్‌ఫోన్స్‌లో పెడితే అన్నీ వినిపిస్తున్నాయి. దోషం కేబుల్‌ది.

కొంచెం వివరంగా చెబుతాను, ఈ కేబుళ్లు ఇంకా చాలామంది బ్యాగుల్లో ఉన్నాయి. మైకు సెట్టు మిక్సర్ వెనక మూడు పిన్నుల పెద్ద సాకెట్ ఉంటుంది కదా. అందులో ఒక పిన్ను గ్రౌండు. మిగతా రెండింట్లోనూ ఒకే శబ్దం వస్తుంది, కానీ ఒకదానికొకటి తిరగబడి ఉంటుంది. ఒకటి పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగుతుంది. పొడుగు వైర్లలో దారిపొడవునా ఎక్కే గోలని తీసేయడానికి అలా పెట్టారు, మంచి పద్ధతే. నా కేబుల్ మాత్రం ఒక పిన్నుని ఎడమ చానెల్‌కి, రెండోదాన్ని కుడి చానెల్‌కి కలిపేసింది. హెడ్‌ఫోన్స్‌లో రెండూ రెండు చెవులకి వేరువేరుగా వెళ్తాయి కాబట్టి వినిపిస్తాయి. ఒకే స్పీకరున్న ఫోన్ ఆ రెండిటినీ కూడుతుంది. పైకి లేచేదాన్ని కిందికి దిగేదాన్ని కూడితే మిగిలేది సున్నా. పంతులుగారు, సన్నాయి, డోలు అన్నీ అలా ఒకదాన్నొకటి మింగేసుకున్నాయి.

వీడియోని, శబ్దాన్ని కుదించి పంపే ఉచిత ప్రోగ్రామ్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో పాన్ అనే ఫిల్టర్ పెట్టి, ఎడమ చానెల్ ఒక్కటే తీసుకో అంటే ఆ ఫైల్ బాగుపడిపోయింది. బాగుచేసిన వీడియోని కువైట్ పంపి, ఆవిడకి ఫోన్ చేసి, తప్పు మాదేనమ్మా, మీ నెట్‌ది కాదు అని చెప్పాను. ఆవిడ నన్నేమీ అనలేదు. ఫైల్ వచ్చిందయ్యా, అంది.

అప్పటి నుంచి పందిట్లో మైకు కనెక్షన్ ఇవ్వగానే 10 సెకన్లు రికార్డు చేస్తాను. దాన్ని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో వాల్యూమ్‌డిటెక్ట్ ఫిల్టర్‌తో ఒకసారి రెండు చానెళ్లుగా, మళ్లీ ఒకే చానెల్‌గా కలిపి కొలుస్తాను. రెండు చానెళ్లకి మైనస్ 22 డెసిబెల్స్ చూపించి, ఒక చానెల్‌కి రాగానే మైనస్ 60కో 70కో పడిపోయిందంటే కేబుల్ తిరగబడినట్టే. నిమిషం పని.

ఇప్పుడు నా అసలు గొడవకి వస్తాను. లైవ్ అనేది ఒకే పని కాదు. కెమెరా నుంచి, మైకు నుంచి ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవడం ఒకటి, దాన్ని కుదించడం ఒకటి, కుదించినదాన్ని పంపడం ఒకటి. మూడు చోట్ల దేంట్లో చెడినా చూసేవాడికి కనిపించేది ఒకటే, లైవ్ బాలేదు. మనం మాత్రం మూడో చోటుకే వెళ్లి సిమ్ మారుస్తాం, హాట్‌స్పాట్ మారుస్తాం, డాబా ఎక్కి రూటర్ ఎత్తి పట్టుకుంటాం. మొదటి రెండు చోట్లా చూసినవాడు నాకు ఇంతవరకు ముగ్గురో నలుగురో కనపడ్డారు.

చూడటం కష్టమా అంటే కాదు. నెట్‌కి పంపకుండా అదే కమాండ్‌తో హార్డ్ డిస్కులోకి రెండు నిమిషాలు రికార్డు చేయండి. ఆ ఫైలే గెంతుతుంటే, ఆ ఫైల్లోనే గొంతు లేకపోతే ఇక నెట్ మాట ఎత్తడానికి మనకి హక్కు లేదు.

కెమెరా బొమ్మని యూఎస్‌బీలోంచి ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే చవక క్యాప్చర్ డాంగిళ్ల సంగతి చూడండి. మొన్న అమలాపురం దగ్గర ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫుల్ హెచ్‌డీ పెడితే బొమ్మ ఆగి ఆగి వస్తోంది, ఫైబర్ వాళ్లకి రెండుసార్లు కంప్లయింట్ ఇచ్చాను." లైనక్స్‌లో వీ4ఎల్2 కంట్రోల్ అని ఒక చిన్న టూల్ ఉంటుంది, దాంతో ఆ డాంగిల్ ఏ ఫార్మాట్‌లో ఎన్ని ఫ్రేములు ఇస్తుందో లిస్టు అడగమన్నాను. చదివి వినిపించాడు. కుదించని బొమ్మ అయితే ఫుల్ హెచ్‌డీలో సెకనుకి 5 ఫ్రేములు. ఎంజేపెగ్, అంటే ఒక్కో ఫ్రేముని ఫోటోలా కుదించి పంపే ఫార్మాట్, అయితే 30. కారణం లెక్క వేస్తే తెలిసిపోతుంది. 1920ని 1080తో గుణించి, ఒక్కో చుక్కకి 2 బైట్లు వేసుకుంటే ఒక ఫ్రేము 41 లక్షల బైట్ల పైమాటే. అలాంటివి సెకనుకి 30 అంటే దగ్గర దగ్గర 1000 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 మోయగలిగేది కాగితం మీదే 480. పైన ప్లాస్టిక్ 3.0 వాటిలాగా నీలం రంగులో ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది 3.0 అయిపోదు. కమాండ్‌లో ఇన్‌పుట్ ఫార్మాట్ ఎంజేపెగ్ అని ఒక్క మాట చేర్చాడు, గెంతడం ఆగిపోయింది. పాపం ఆ ఫైబర్ కుర్రాడు ఏ తప్పూ లేకుండా రెండుసార్లు స్తంభం ఎక్కాడు.

రెండో చోటు, కుదించడం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడుస్తున్నంతసేపూ టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీ, అడుగున ఒక వరస కదులుతూ ఉంటుంది. ఎన్ని ఫ్రేములు, ఎంత టైము, ఎంత బిట్‌రేటు, చివర స్పీడ్. ఆ స్పీడ్ 1 దగ్గర ఉండాలి. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుని ఎంతోమంది ఇన్నేళ్లుగా మెరుగుపరుస్తూ, పైసా అడగకుండా మన చేతిలో పెట్టారు. తన ఇబ్బంది ఏమిటో తనే రాసి చూపిస్తుంది. దాన్ని మినిమైజ్ చేసి పక్కన కూర్చుంటున్నాం. నాకు మండేది అక్కడ.

ఏప్రిల్, మే ముహూర్తాల్లో షామియానా కింద, ఫ్లడ్ లైట్ల పక్కన, ఉక్కపోతలో ల్యాప్‌టాప్ కాలిపోతూ ఉంటుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. స్పీడ్ 0.8కి పడిపోతుంది, అవతల బఫరింగ్ మొదలవుతుంది. అయితే ఒక జాగ్రత్త, స్పీడ్ పడిందంటే ప్రతిసారీ ప్రాసెసరే అనుకోకూడదు. నెట్ వెనక్కి నెడుతున్నా ఇలాగే పడుతుంది. తేడా తేల్చాలంటే లైవ్ మొదలుపెట్టే ముందే అదే సెట్టింగులతో, పంపే చోట నల్ అని పెట్టి, అంటే ఎక్కడికీ పంపకుండా, పది నిమిషాలు నడపండి. అప్పుడు కూడా 0.8 అయితే భారం మన మెషీన్ మీదే ఉంది. ఎంత కష్టపడి కుదించాలో చెప్పే ప్రీసెట్‌ని మీడియం నుంచి వెరీఫాస్ట్‌కి మార్చండి, ల్యాప్‌టాప్ కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వండి. నల్‌లో 1 చూపించి, పంపగానే పడిపోతే అప్పుడు నెట్‌ని అనండి, నేనూ మీతో కలిసి అంటాను.

టెర్మినల్ మాకు రాదండి, బటన్లతో చేస్తాం అంటారు. చేయండి, తప్పేమీ లేదు. బటన్లతో లైవ్ పెట్టే ఓబీఎస్ ప్రోగ్రామ్‌లో కూడా స్టాట్స్ అని ఒక కిటికీ ఉంది. ఎన్‌కోడింగ్, అంటే కుదించడం, ఆలస్యమై పోయిన ఫ్రేములు ఎన్ని, నెట్ వల్ల పోయినవి ఎన్ని అని విడివిడిగా చూపిస్తుంది. దాన్ని తెరిచి ఉంచేవాళ్లు ఎంతమంది? అదీ తెరవకుండా నెట్ అనేస్తే ఎలా?

నెట్ నిజంగా చేతులెత్తేసే చోట్లు మన దగ్గర ఉన్నాయి, లేవనను. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లండి. పదకొండు ఊళ్ల ఏకాదశ రుద్రులు ఆ కొబ్బరితోటకి చేరతారు. గంగలకుర్రు ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే ఎత్తైన అలంకరణలు, కౌశిక కాలువలో దిగి, మోసేవాళ్లు పీకల్లోతు నీళ్లలో నడుస్తుంటే గట్టు మీద ప్రతి చెయ్యీ ఫోన్ పైకెత్తి ఉంటుంది. అన్ని ఫోన్లూ ఆ ఒకటి రెండు టవర్ల మీదే. అక్కడ 4000 కిలోబిట్లు పంపుతానని కూర్చోవడం తెలివితక్కువ పని. పొద్దున్నే వెళ్లి కొలుచుకున్న స్పీడ్ మధ్యాహ్నానికి ఉండదు. అందుకని ముందే తగ్గించి, 480పీలో 800 కిలోబిట్లు పెట్టుకుని, శబ్దాన్ని మాత్రం ముట్టుకోకుండా పంపాలి. ప్రభలు మోసేవాళ్ల శరభా అన్న కేక తెగకుండా చేరితే చాలు, బొమ్మ కాస్త మసకగా ఉన్నా దూరాన ఉన్నవాడు సర్దుకుంటాడు. కొలిచేటప్పుడు కూడా డౌన్‌లోడ్ చూసి మురిసిపోతారు మనవాళ్లు. మనకి కావాల్సింది అప్‌లోడ్. వచ్చిన అప్‌లోడ్‌లో సగానికి మించి వాడొద్దు.

ఏది పోయినా ల్యాప్‌టాప్‌లో పూర్తి క్వాలిటీ రికార్డింగ్ ఆగకూడదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో టీ అనే పద్ధతి ఉంది, ఒకసారి కుదించినదాన్నే ఒక పాయ నెట్‌కి, ఒక పాయ ఫైల్‌కి పంపుతుంది. నెట్ పాయలో ఆన్‌ఫెయిల్ ఇగ్నోర్ అని రాస్తే అది తెగినా ఫైల్ నడుస్తూనే ఉంటుంది. ఆ ఫైల్ ఎంపీ4 పెట్టకండి, ఎంకేవీ పెట్టండి. మామూలుగా ఎంపీ4 తన సూచికని రికార్డింగ్ ముగిశాక చివర్లో రాసుకుంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల మిషన్ ఆగిపోతే ఆ సూచిక రాయడమే జరగదు. మూడు గంటల పెళ్లి ఫైల్ తెరిస్తే "మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్" అని, అంటే సూచిక దొరకలేదని, ఒక్క వరస వస్తుంది. పాలకొల్లులో ఒకాయన ఆ వరస నాకు చూపించినప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. ఎంకేవీ అయితే కరెంటు పోయిన క్షణం వరకు ఉన్నది దాదాపు అంతా దక్కేది.

లైవ్ పెట్టించుకునే ఇంటివాళ్లకి కూడా ఒక మాట. డబ్బులు మాట్లాడేటప్పుడే లోపల రికార్డు చేస్తారా, ఆ ఫైల్ మాకు ఇస్తారా అని అడగండి. దూరాన ఉన్నవాళ్లు ఏ ఫోన్‌లో చూస్తారో కనుక్కుని, ముహూర్తానికి గంట ముందు వాళ్లని లింకు తెరిచి చూడమనండి. బొమ్మ వస్తోందా అని అడిగి ఊరుకోకండి, మంత్రం వినిపిస్తోందా అని అడగండి.

ఆ కేబుల్ ఇంకా నా దగ్గరే ఉంది. ప్లగ్గు పక్కన ఎర్ర టేపు చుట్టి ఉంచాను. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్లకి మొదటిరోజు దాన్ని మిక్సర్‌కి తగిలించి, ముందు హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తాను. తర్వాత ఆ పాత ఫోన్ చేతికిచ్చి చెవి దగ్గర పెట్టుకోమంటాను.