ఒకే ట్యూన్, ఇరవై గొంతులు: జమైకా పొదుపు విధానంపై ఒక పరిశీలన

జమైకా నృత్య సంగీతమైన డ్యాన్స్‌హాల్‌లో రిడిమ్ ఆల్బమ్ పెట్టుకున్న సంగీతాభిమాని మూడో పాటకల్లా మొహం చిట్లించి, 'అన్నీ ఒకేలా ఉన్నాయేమిటి?' అనడం రివాజు. ఆయన చెవులు నిక్షేపంగా ఉన్నాయి. గాయకులు వేరు, మాటలు వేరు. కింద నడిచే డ్రమ్ములూ బేసూ మాత్రం మొదటి పాట నుంచి చివరి దాకా అవే; ఆ వాద్య నేపథ్యాన్నే రిడిమ్ అంటారు. దీన్ని లోపమనేవారు ఖర్చులెక్క రాసి ఎరగనివారై ఉంటారు.

స్వరకల్పన అనే దుబారాకు కళ్లెం వేయవచ్చని 1974లోనే జమైకా నిర్మాత రూపీ ఎడ్వర్డ్స్ ఒకే రిడిమ్‌తో ఆల్బమంతా నింపి నిరూపించారు. 1985లో మరో నిర్మాత కింగ్ జామీ ఇంకో అడుగు ముందుకేశారు. గాయకుడు వేన్ స్మిత్, సంగీతకారుడు నోయెల్ డేవీ తెచ్చిన కాసియో ఎమ్‌టీ-40 అనే చిన్న కీబోర్డులో మీట నొక్కితే దానంతటదే మోగే రాక్ తాళం ఒకటుంది. జపాన్‌లో ఒకుదా హిరోకో అనే కంపెనీ ఉద్యోగిని చేసిపెట్టిన ఆ తాళం వేగాన్ని జామీ తగ్గించగా 'స్లెంగ్ టెంగ్' రిడిమ్ తయారైంది, దాని మీద వందల పాటలు వచ్చాయి. మన దగ్గర రెండు సినిమా పాటలకు పోలిక కనబడితే చాలు, కాపీ అని రచ్చ చేస్తాం. అక్కడ పోలిక లేకపోతేనే సరుకు నాసిరకమని అర్థం.

ఇక లెంకీగా పేరుపడ్డ స్టీవెన్ మార్స్‌డెన్ చేసిన 'దివాలీ' రిడిమ్ సంగతి. అందులో దీపాలు లేవు, టపాసులు లేవు. లెక్క తప్పినట్టు అనిపిస్తూ ఎక్కడా తప్పని చప్పట్లున్నాయి. లండన్‌లోని గ్రీన్‌స్లీవ్స్ రికార్డు కంపెనీ 2002లో తన రిడిమ్ ఆల్బమ్‌ల వరుసలో దాన్ని 27వదిగా విడుదల చేసింది. 2003లో అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ఈ చప్పట్ల మీదే పాడిన షాన్ పాల్ 1వ స్థానానికీ, లుమిడీ 3వ స్థానానికీ, వేన్ వండర్ 11వ స్థానానికీ చేరుకున్నారు. లోకానికంతటికీ వ్యాపారం నేర్పే దేశం అవే చప్పట్లను ముగ్గురి దగ్గర మూడుసార్లు డబ్బిచ్చి కొనుక్కుంది.

జమైకా రాజధాని కింగ్‌స్టన్ వీధి డ్యాన్సుల్లో సౌండ్ సిస్టమ్ మీద రికార్డులు వేసే సెలెక్టర్ ఈ పాటలను విడివిడిగా వేయడు. ఒకదాని తోకకు ఇంకొకటి తగిలిస్తూ పోతాడు, దాన్నే జగ్లింగ్ అంటారు. పేదవాడి బతుకు గురించి గాయకుడు బౌంటీ కిల్లర్ గోడు వెళ్లబోసుకున్న తాళం మీదికే మరుక్షణం ఎలిఫెంట్ మ్యాన్ అనే ఇంకో గాయకుడు గెంతుకుంటూ వస్తాడు, తాళానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పాట మరీ నచ్చితే జనం కేకలు వేసి దాన్ని మళ్లీ మొదటికి తిప్పిస్తారు. ఇరవైసార్లు విన్నదాన్ని ఇరవై ఒకటోసారి అడిగి మరీ వేయించుకునే శ్రోతలున్నచోట కొత్త ట్యూన్ కట్టబూనడం శుద్ధ బాధ్యతారాహిత్యం.

ఇలాంటి చాలా ఆల్బమ్‌ల చివర గాయకుడెవరూ లేని వట్టి రిడిమ్ ఉంటుంది. మనుషులు దొరక్క వదిలేశారని అపార్థం చేసుకోరాదు. ఆ చోటు ఆల్బమ్ కొన్నవారి కోసం అట్టేపెట్టినది; వారే గొంతెత్తితే నిర్మాతకు ఇరవై ఒకటో గాయకుడి పారితోషికం కూడా మిగులుతుంది.